జన్యువుల మౌనము: కలకత్తా కాలా అజార్ చరిత్రలో ఒక అధ్యాయము

ఒక కావ్యమునందలి పద్యము ప్రక్షిప్తమా కాదా యని నిర్ణయింపవలసి వచ్చినప్పుడు పరిష్కర్త చేయు పని యొకటి కలదు. ఆ పద్యమును విడిచి, దాని ముందు వెనుకల పద్యములను కలిపి చదివి చూచును. కథ తెగినచో ఆ పద్యము కావ్యశరీరమునకు చెందినదే యనియు, ఏమియు తెగనిచో అనుమానింపదగినదనియు గ్రహించును. ఉన్నదాని విలువ అది లేనప్పుడు తెలియునను ఈ న్యాయము సాహిత్య విమర్శకు క్రొత్తది కాదు. 20వ శతాబ్ది చివర జీవశాస్త్రమునకు ఇట్టి సాధనమే యొకటి చేతికి దొరకెను. కణములోని ఒక జన్యువును తొలగింపకయే, దాని మాటను మాత్రము ఆపి, ఆ కణమున ఏమి తెగినదో చూచుటకు అది వీలు కల్పించినది. శాస్త్రజ్ఞులు దీనిని ఆర్.ఎన్.ఏ. ఇంటర్‌ఫెరెన్స్ అందురు. తెలుగున ఈ క్రియను ‘ఆర్.ఎన్.ఏ. జోక్యము’ అనియు, దాని ఫలమును ‘జన్యుమౌనము’ అనియు చెప్పుకొనవచ్చును.

ఈ సాధనము పుట్టినది అమెరికా, ఐరోపా ప్రయోగశాలలలో. కాని అది పరిశోధన స్వరూపమును ఎట్లు మార్చినదో తెలిసికొనుటకు కలకత్తా నగర చరిత్ర మిక్కిలి ఉపకరించును. 2001 నుండి కోల్‌కతా యని పిలువబడుచున్న ఆ నగరమునకు కాలా అజార్ అను జ్వరముతో నూరేండ్లకు మించిన సంబంధము కలదు. ఆ జ్వరమును గూర్చి అచ్చటి వైద్యులకు 20వ శతాబ్ది ఆరంభమున కలిగిన ప్రశ్నలలో ఒకదానికి 2013లో అచ్చటనే ఒక క్రొత్త సమాధానము దొరకినది. జన్యుమౌనమును గూర్చిన జ్ఞానము లేనిదే ఆ సమాధానము దొరకెడిది కాదు. ఆ ప్రశ్నకును ఈ సమాధానమునకును నడుమ జరిగిన కథయే ప్రస్తుత వ్యాసమునకు విషయము.

కాలా అజార్ అనగా నల్లజబ్బు. రోగి చర్మము నల్లబారుటచే ఆ పేరు వచ్చినది. విడువని జ్వరము, ఉబ్బిన ప్లీహము, పెరిగిన కాలేయము, నానాటికి క్షీణించు శరీరము దీని లక్షణములు. చికిత్స లేనిచో ప్రాణము దక్కుట అరుదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున వంగ, అస్సాము ప్రాంతములలో ఊళ్ళకు ఊళ్ళే దీని వాతబడినవి. చిరకాలము వైద్యులు దీనిని మలేరియాయందే ఒక భేదమని భ్రమించిరి. కలకత్తా పొలిమేరనున్న దమ్‌దమ్ సైనిక స్థావరమున ఇది ఎంత తరచుగా వచ్చెడిదనగా, దీనికి దమ్‌దమ్ జ్వరమను పేరే ఏర్పడెను. అచ్చట జబ్బుపడి ఇంగ్లండు చేరి మరణించిన ఒక సైనికుని ప్లీహమునుండి తీసిన పదార్థమును విలియం లీష్మన్ సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, అందు కనిపించిన వింత కణికలను గూర్చి 1903లో ప్రకటించెను. ఆ సంవత్సరమే మదరాసు జనరల్ ఆసుపత్రిలో చార్లెస్ డోనవన్ అట్టి కణికలనే కనుగొనెను. ఇరువురి పేర్లను కలిపి రోనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవికి ‘లీష్మేనియా డోనవాని’ అని నామకరణము చేసెను. ఆనాడు ఆంధ్రదేశమునకును రాజధానియైన మదరాసునకు ఈ చరిత్రలో ఇట్లొక చోటు దొరకినది.

శత్రువు ఎవరో తెలిసెను కాని ఆయుధము లేకుండెను. ఆ ఆయుధము కలకత్తాలోనే తయారైనది. కాంబెల్ ఆసుపత్రిలో, నేటి నీలరతన్ సర్కార్ వైద్యకళాశాలలో, ఉపేంద్రనాథ బ్రహ్మచారి నీటి కొళాయి గాని గాసు గాని లేని చిన్న గదిలో, కిరసనాయిలు దీపపు వెలుతురున పనిచేసి, 1920లో యూరియా స్టిబమైన్ అను ఆంటిమనీ సమ్మేళనమును సిద్ధము చేసెను. 1922లో దాని ఫలితములు ప్రకటితమైనవి. అది లెక్కకు మించిన ప్రాణములను నిలిపినది. జ్వరము నయమైన కొందరి చర్మము మీద పరాన్నజీవి మరల పైకి వచ్చుచున్నదని 1922లో వర్ణించినవాడును బ్రహ్మచారియే. 1924లో కలకత్తా ఉష్ణమండల వైద్యవిద్యాలయమునందు నోల్స్, నేపియర్, స్మిత్ అనువారు రోగుల రక్తము త్రాగిన ఇసుక ఈగ ప్రేగులలో ఈ జీవి పెరుగుటను చూచిరి. ఈగ కాటువలననే రోగము సోకునని 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అస్సామున నిరూపించిరి.

ఇంతవరకు వచ్చినను ఒక ప్రశ్న మిగిలెను. ఈ పరాన్నజీవి శరీరమును రక్షింపవలసిన కణములలోనే కాపురము పెట్టును. క్రిములను మ్రింగి జీర్ణించుకొను భక్షకకణములే దీనికి ఇల్లు. కాలేయము, ప్లీహము, ఎముకల మూలుగ దీని నివాసస్థానములు. కోట యందలి సైనికుల గుడారములలోనే శత్రువు నివసించుచుండగా కోట ఏల ఊరకుండెను? రోగుల రక్తమున కొలెస్టరాల్ తక్కువగ నుండుట వైద్యులు గమనించిరి. దానికిని ఆ మౌనమునకును ఏమైనను సంబంధము కలదా? సూక్ష్మదర్శినితో చూచుట, మందిచ్చి చూచుట అను రెండు మార్గములే తెలిసిన కాలమున ఈ ప్రశ్నకు జవాబు దుర్లభము. కణము లోపల ఏ ఆజ్ఞ ఆగినదో తెలిసికొను విద్య అప్పటికి పుట్టలేదు.

ఆ విద్యను గ్రహించుటకు కణములో ఆజ్ఞలు నడచు విధమును కొంచెము తెలిసికొనవలెను. ఇచ్చట సాహిత్యపరులకొక సదుపాయము కలదు. జీవశాస్త్రజ్ఞులు తమ పరిభాషను మన వృత్తినుండియే తెచ్చుకొనిరి. డి.ఎన్.ఏ. యను మూలగ్రంథము కణకేంద్రమున భద్రముగ నుండును. దానియందలి ఒక భాగమునకు, అనగా ఒక జన్యువునకు, ఆర్.ఎన్.ఏ. రూపమున నకలు వ్రాయబడును. దీనికి ప్రతిలేఖనమని పేరు. ఆ నకలు కేంద్రమును వీడి వెలుపలికి వచ్చి, అచ్చట మాంసకృత్తుగా మారును. దీనికి అనువాదమని పేరు. మాంసకృత్తులే కణమున పనులు చేయు చేతులు. మూలగ్రంథమునకును పనికిని నడుమ నున్న ఈ నకలును వార్తాహర ఆర్.ఎన్.ఏ. అందురు. చిరకాలము ఆర్.ఎన్.ఏ.కు ఈ తపాలా బంట్రోతు ఉద్యోగమే ప్రధానమని తలచిరి.

ఒక జన్యువు ఏమి చేయునో తెలిసికొనుటకు పూర్వము రెండు దారులుండెను. లోపముతో పుట్టిన జీవిని వెదకి, ఆ లోపమునకు కారణమైన జన్యువును పట్టుకొనుట మొదటిది. సిడ్నీ బ్రెన్నర్ 1974లో ప్రకటించిన ఒక మిల్లీమీటరు పొడవు గల నులిపురుగు పరిశోధన ఇట్టిదే. జన్యువును మూలగ్రంథమునుండియే కోసివేయుట రెండవది. మొదటిది అదృష్టాధీనము. రెండవది శ్రమసాధ్యము. పైగా ప్రాణాధారమైన జన్యువును కోసినచో జీవి పుట్టకముందే మరణించును. మరణించినదానిని చూచి జీవన విధానమును చెప్పుట యెట్లు?

క్రొత్త దారి ఒక పూలమొక్కవలన తెలిసినది. 1990లో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్‌సన్, కారొలిన్ నపోలి అనువారు పెటూనియా పూల ఊదారంగును మరింత చిక్కబరుపదలచిరి. రంగును తయారుచేయు జన్యువును ఇంకొక ప్రతి చేర్చినచో రంగు పెరుగునని వారి లెక్క. కాని జన్యువు చేర్చిన మొక్కలలో నూటికి 42 మొక్కలు తెల్లపూలనో, తెలుపు చారల పూలనో పూచినవి. చేర్చిన జన్యువే కాక, మొక్కకు పుట్టుకతో నున్న జన్యువు కూడ మాట్లాడుట మానెను. ఆ జన్యువు నకళ్ళు 50వ వంతునకు తగ్గిపోయినవి. ఐనను జన్యువు చెడలేదు. కొన్ని కొమ్మలపై మరల ఊదాపూలు పూచినవి. నెదర్లాండ్సులో మరియొక బృందము ఆ ఏటనే ఇట్టి ఫలితమును ప్రకటించెను. 1992లో రోమున రొమానో, మాసినో అనువారు నారింజరంగు బూజులో రంగు జన్యువును చేర్చగా బూజు తెల్లబారెను. 1995లో గువో, కెంఫ్యూస్ అనువారు నులిపురుగులో ఒక జన్యువును ఆపుటకు దాని నకలునకు ఎదురు జతయగు ఆర్.ఎన్.ఏ.ను ఎక్కించిరి. అది పనిచేసెను. సరిచూచుకొనుటకై ఏ ప్రభావమును ఉండరాదని ఎక్కించిన నకలు వంటి ఆర్.ఎన్.ఏ. కూడ అంతే పనిచేసెను.

ఇవన్నియు అక్కరకు రాని ఫలితములు. కోరినది ఒకటి, వచ్చినది వేరొకటి. ప్రయోగము చెడినదని ప్రక్కకు త్రోసినను అడుగువారు లేరు. కాని వీరు త్రోయలేదు. లేఖకదోషమని తోచిన పాఠమును కొట్టివేయక అంచున వ్రాసియుంచు మంచి పరిష్కర్తవలె, అర్థము కాని ఫలితమును అర్థము కానట్లే ప్రకటించిరి. తరువాతివారికి ఆ అంచు వ్రాతలే ఆధారమైనవి.

1998 ఫిబ్రవరిలో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో తమ సహచరులతో కలిసి చిక్కుముడిని విప్పిరి. కండరమునకు సంబంధించిన ఒక జన్యువును వారు ఎన్నుకొనిరి. అది లోపించిన నులిపురుగు వణకును. నకలును మాత్రము ఎక్కించిన ఫలము స్వల్పము. ఎదురు జతను మాత్రము ఎక్కించినను స్వల్పమే. రెంటిని జతగూర్చి, రెండు పేటల ఆర్.ఎన్.ఏ.గా ఎక్కించిన పురుగుల సంతానము వణకెను. కణమునకు కొలది అణువులు చాలినవి. కనుక ఇది అడ్డుకొనుట మాత్రము కాదనియు, కణము తానే ఆ సంకేతమును పెంచి పనిచేయుచున్నదనియు తేలెను. ఎనిమిదేండ్లకే, 2006లో, వీరిరువురికి నోబెల్ బహుమానము లభించినది.

కణములో జరుగుచున్న క్రియ తరువాతి మూడు నాలుగేండ్లలో వెల్లడియైనది. 1999లో ఇంగ్లండులో హామిల్టన్, బాల్కోంబ్ మౌనము వహించిన మొక్కలలో పొట్టి ఆర్.ఎన్.ఏ. తునకలను చూచిరి. రెండు పేటల ఆర్.ఎన్.ఏ.ను డైసర్ అను మాంసకృత్తు సుమారు 21 నుండి 23 అక్షరముల తునకలుగా కోయును. అందొక పేటను ఆర్గొనాట్ అను మరియొక మాంసకృత్తు చేతబట్టుకొని, తనకు జతయగు వార్తాహర ఆర్.ఎన్.ఏ.కై వెదకును. దొరకినంతనే దానిని ముక్కలు చేయును. మూలగ్రంథము చెక్కుచెదరదు. నకలు మాత్రమే నశించును. అనువాదము ఆగును. శరీరములోనికి వచ్చు కొన్ని వైరసులు రెండు పేటల ఆర్.ఎన్.ఏ.ను ఉత్పత్తి చేయును కనుక మొక్కలయందును కీటకములయందును ఇది ఆత్మరక్షణోపాయమని తేలెను.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయ మింకొకటి కలదు. జీవి తన జన్యువులను తానే ఈ విధముగ అదుపులో నుంచుకొనుచున్నది. 1993లోనే విక్టర్ ఆంబ్రోస్, గేరీ రవ్‌కున్ నులిపురుగులో 22 అక్షరముల ఆర్.ఎన్.ఏ. యొకటి మరియొక జన్యువును ఆపుచున్నదని చూపిరి. అది ఆ పురుగునకే పరిమితమైన వింతయని అనేకులు తలచిరి. 2000లో రవ్‌కున్ బృందము చూపిన రెండవ పొట్టి ఆర్.ఎన్.ఏ. మనుష్యునియందును ఉండుటచే ఆ తలంపు తొలగెను. వీనికి మైక్రో ఆర్.ఎన్.ఏ.లని పేరు. ఇవి జంతుకణములలో సాధారణముగ వార్తను వెంటనే చింపివేయవు. దానిపై కూర్చుండి అనువాదమును ఆపును. వీనిని కనుగొన్న ఇరువురికి 2024లో నోబెల్ బహుమానము వచ్చినది.

పరిశోధన స్వరూపము ఇచ్చటనే మారినది. పూర్వము లోపమునుండి జన్యువునకు ప్రయాణము. ఇప్పుడు జన్యువునుండి లోపమునకు ప్రయాణము. రెండు పేటల ఆర్.ఎన్.ఏ.ను తయారుచేయు బాక్టీరియాను మేపినంతనే నులిపురుగున జన్యువు మౌనము వహించును. కేంబ్రిడ్జిలో జూలీ ఆరింజర్ బృందము ఇట్లు 16,757 బాక్టీరియా జాతులను సిద్ధముచేసి, ఆ పురుగు జన్యువులలో సుమారు 86 శాతమును ఒక్కొక్కటిగ మౌనపరచి, ఏది ఆగిన ఏమగునో 2003లో ప్రకటించెను. మనుష్యకణములలో పొడవైన రెండు పేటల ఆర్.ఎన్.ఏ. వైరసును గూర్చిన హెచ్చరికగా పనిచేసి కణమునంతను స్తంభింపజేయును. 2001లో జర్మనీలో థామస్ టుష్ల్ బృందము 21 అక్షరముల తునకలనే నేరుగా ఎక్కించి ఆ చిక్కును దాటెను. నాటినుండి మనుష్యుని జన్యువులలో దేనినైనను సామాన్య ప్రయోగశాలలో, కొలది దినములలో మౌనపరచి చూచుట సాధ్యమైనది. గొప్ప యంత్రములు గాని, సంవత్సరముల కొలది నిరీక్షణ గాని అక్కరలేదు. మన దేశములోని ప్రయోగశాలలకు ఇది సామాన్యమైన లాభము కాదు.

హైదరాబాదునకును ఈ చరిత్రలో భాగము కలదు. మణికా పాల్-భద్ర, ఉత్పల్ భద్ర అను వంగదేశీయ దంపతులు అమెరికాలో జేమ్స్ బిర్చ్‌లర్‌తో కలిసి పండ్ల ఈగలో ఒక జన్యువునకు ప్రతులను పెంచిన కొలది ఆ జన్యువు మాట తగ్గుచున్నదని 1997లో చూపిరి. పెటూనియాలో కనిపించిన వింత జంతువులయందును కలదని దీనివలన తెలిసెను. తరువాత వారు హైదరాబాదులో పరిశోధన సాగించిరి. నకళ్ళను నశింపజేయు ఈ యంత్రాంగము మూలగ్రంథమునందలి కొన్ని భాగములను చుట్టచుట్టి మూసియుంచుటకును తోడ్పడుచున్నదని 2004లో అమెరికా సహచరులతో కలిసి వారు ప్రకటించిరి.

ఇక కలకత్తాకు వత్తము. జాదవ్‌పూర్‌లోని భారతీయ రసాయన జీవశాస్త్ర సంస్థ 1935లో వైద్యపరిశోధన సంస్థగా ఆరంభమై, 1956లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ఏలుబడిలోనికి వచ్చి, 1982లో నేటి పేరు పొందినది. కాలా అజార్ పరిశోధన అచ్చట చిరకాలముగ సాగుచున్నది. పరాన్నజీవి సోకిన భక్షకకణముల పొరలో కొలెస్టరాల్ తగ్గుటయు, దానివలన ఆ కణములు శత్రువు గుర్తులను రక్షకదళమునకు చూపలేకపోవుటయు శ్యామల్ రాయ్ బృందము చూపెను. కోట ఏల ఊరకుండెనను ప్రశ్నలో సగమునకు ఇది సమాధానము. కొలెస్టరాల్ ఏల తగ్గెనను సగము మిగిలెను.

ఆ సగమును తీర్చినవారిలో ముఖ్యుడు సువేంద్రనాథ్ భట్టాచార్య. ఆయన స్విట్జర్లాండులోని బేసెల్ నగరమున విటోల్డ్ ఫిలిపోవిచ్ ప్రయోగశాలలో పనిచేసి 2006లో ఒక విశేషమును వెల్లడించిన బృందమున ప్రథముడు. కాలేయకణములయందు మైక్రో ఆర్.ఎన్.ఏ.–122 అనునది మెండుగ నుండును. అది ఒక వార్తపై కూర్చుండి దాని అనువాదమును ఆపుచుండెను. ఆ కణములకు ఆహారము కరవైనప్పుడు వేరొక మాంసకృత్తు వచ్చి ఆ వార్తను విడిపించెను. వార్త మరల అనువాదమునకు పోయెను. అనగా మౌనము మరణము కాదు. అవసరము వచ్చినప్పుడు ఆగిన మాట మరల వినవచ్చును. పెటూనియా కొమ్మపై మరల పూచిన ఊదాపూవు ఎప్పుడో చూపిన సత్యమే ఇది. ఇచ్చట దాని వెనుక నున్న యంత్రాంగములలో ఒకటి మనుష్యకణమున ప్రత్యక్షమైనది.

భట్టాచార్య కలకత్తాకు తిరిగివచ్చి ఈ జ్ఞానమును కాలా అజార్ వైపు త్రిప్పెను. మైక్రో ఆర్.ఎన్.ఏ.–122 కాలేయమున కొలెస్టరాల్ తయారీని పోషించునదని అప్పటికే తెలియును. పరాన్నజీవి సోకిన ఎలుకల కాలేయమున దాని పరిమాణము తగ్గియుండెను. కారణమును వెదుకగా ఆశ్చర్యకరమైన విషయము బయటపడెను. లీష్మేనియా పైపొరపై నుండు జి.పి.–63 అను మాంసకృత్తు ఒక కత్తెర వంటిది. అది కాలేయకణములను చేరి అచ్చటి డైసర్‌ను కోసివేయుచున్నది. డైసర్ లేనిదే మైక్రో ఆర్.ఎన్.ఏ.–122 సిద్ధము కాదు. అది లేనిదే కొలెస్టరాల్ తగినంత తయారు కాదు. భట్టాచార్య, శ్యామల్ రాయ్ తమ సహచరులతో 2013లో దీనిని ప్రకటించిరి. వారు అంతటితో ఆగక, ఎలుకల కాలేయమున డైసర్‌నో, మైక్రో ఆర్.ఎన్.ఏ.నో మరల పెంచి చూచిరి. రక్తమున కొలెస్టరాల్ పెరిగెను. కాలేయమున పరాన్నజీవుల భారము తగ్గెను. తొలగించి చూచుటయే కాక, మరల చేర్చి చూచుట కూడ జరిగినందుననే ఈ నిర్ణయమునకు బలము కలిగినది.

ఈ కథలో ఒక విపర్యాసము కలదు. లీష్మేనియా డోనవానికి తనదైన జన్యుమౌన యంత్రాంగము లేదు. దక్షిణ అమెరికాలోని దాని దాయాదియగు లీష్మేనియా బ్రెజిలియెన్సిస్‌కు అది కలదని 2010లో నిరూపితమైనది. ఆఫ్రికాలో నిద్రాజబ్బు కలిగించు దూరపు బంధువగు ట్రిపనొసోమాకును కలదని 1998లోనే తెలిసెను. మన దేశమున తిరుగు జాతి పరిణామక్రమమున ఆ ఆస్తిని పోగొట్టుకొన్నది. ఈ లోపముచే పరిశోధకులకు ఇక్కట్టు కలిగెను. ఎందుకనగా ఈ జీవి జన్యువులను రెండు పేటల ఆర్.ఎన్.ఏ.తో మౌనపరచి చూచుటకు వీలులేదు. సాధనము పనిచేయని చోటనే ఆ సాధనమును గూర్చిన జ్ఞానము పనికివచ్చెను. తనకు లేని యంత్రమును ఎదుటివాని యింట విరుగగొట్టి బ్రతుకుచున్న జీవి ఇది.

ఇట్టి విషయములను చెప్పునప్పుడు హద్దులను కూడ చెప్పవలెను. పొట్టి ఆర్.ఎన్.ఏ. తునకలు తాము వెదకు వార్తనే కాక, కొంతవరకు పోలికగల ఇతర వార్తలను కూడ ఆపునని 2003లో తెలిసెను. వారిని ఆపబోయి వీరిని ఆపిన సందర్భములు తొలినాటి పరిశోధనలలో లేకపోలేదు. నాటినుండి ఒకే జన్యువునకు వేర్వేరు తునకలతో ప్రయోగించుట, ఆగిన మాటను మరల కలిగించి చూచుట నియమములైనవి. ఔషధ సంస్థలు మొదట అత్యాశతో వచ్చి, తునకలను తగిన అవయవమునకు చేర్చు దారి దొరకక, 2010 ప్రాంతమున కొన్ని వెనుకకు తగ్గెను. 2012 తరువాత జన్యువునే కోయు క్రిస్పర్ విద్య వచ్చి, మౌనవిద్యకు కాలము చెల్లెనని కొందరనిరి. కాని కోయుట వేరు, ఆపుట వేరు. ప్రాణాధారమైన జన్యువును కొంత తగ్గించి చూచుటకును, మరల విడిచి చూచుటకును మౌనమే తగినది. 2018 ఆగస్టులో పటిసిరాన్ అను మొదటి మౌనౌషధము అమెరికాలో అనుమతి పొందెను. అది వంశపారంపర్యముగ వచ్చు ఒక అరుదైన వ్యాధికి మందు. కొలెస్టరాలును తగ్గించు ఇంక్లిసిరాన్ 2020లో ఐరోపాలోను, 2021లో అమెరికాలోను అనుమతి పొందినది.

ఈ మందులు వెలగలవి. వెల చెల్లించు దేశముల వ్యాధులకే మొదట తయారైనవి. కాలా అజార్ వెలలేని వారి వ్యాధి. మట్టిగోడల సందులలోను, పశువుల పాకలలోను ఇసుక ఈగ పెరుగును. జాదవ్‌పూర్ పరిశోధనవలన ఇంతవరకు ఆసుపత్రిలో ఇచ్చు మందు రాలేదు. అది ఎలుకలయందు తేలిన సత్యము. మనుష్యులయందు చికిత్సగా మారుటకు చాల దూరము కలదు. ఐనను దీని ప్రయోజనమును ఆ లెక్కతోనే కొలువరాదు. మందులు, ఇసుక ఈగల నివారణ, ఊరూర తిరిగిన ఆరోగ్యకార్యకర్తల శ్రమ కలిసి ఈ జ్వరమును మన ఉపఖండమున చాలవరకు వెనుకకు నెట్టినవి. దీనిని ప్రజారోగ్య సమస్యగా తొలగించిన మొదటి దేశముగ బంగ్లాదేశమును 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించినది. కాని బ్రహ్మచారి వర్ణించిన ఆ చర్మరోగులయందు పరాన్నజీవి సంవత్సరముల తరబడి దాగియుండగలదు. సంఖ్య తగ్గినప్పుడే శ్రద్ధయు తగ్గును. ఈ జ్వరము వంగదేశమున పూర్వము పలుమారులు తగ్గి, మరల విజృంభించినది. శరీరము ఏల ఊరకుండునో తెలియనంతకాలము ఆ భయము పూర్తిగ తొలగదు.

దమ్‌దమ్ సైనికుని ప్లీహమునుండి జాదవ్‌పూర్ ఎలుక కాలేయమువరకు నూటపది సంవత్సరములు గడచినవి. ఇన్నేండ్లలో రోగము మారలేదు. పరాన్నజీవి మారలేదు. అడిగిన ప్రశ్న మారినది. లీష్మన్, డోనవన్ ‘ఏమున్నది?’ యని అడిగిరి. బ్రహ్మచారి ‘దేనిచే చచ్చును?’ అని అడిగెను. ఏ మాట ఆగినందున ఈ జీవి బ్రతుకుచున్నదని జాదవ్‌పూర్‌వారు అడిగిరి. ఈ మూడవ ప్రశ్నను అడుగుటకు, వాడిపోయిన రంగుల పెటూనియాను పారవేయక దాచుకొనినవారు కావలసివచ్చిరి.

జీవి స్వభావమంతయు దాని మూలగ్రంథమున వ్రాసియున్నదని ఒకప్పుడు తలచిరి. గ్రంథమెంత ముఖ్యమో, అందేది ఎప్పుడు చదువబడదో అదియు అంతే ముఖ్యమని జన్యుమౌనము నేర్పినది. ఒకే గ్రంథమును మోయుచున్న కాలేయకణము కాలేయముగను, మెదడుకణము మెదడుగను ఉండుట కొంతవరకు ఈ మౌనములవలననే. ఆ మౌనమును ఇతరులు చెరచినప్పుడు ఇల్లు శత్రువునకు లొంగును. దానిని మరల నిలుపగలిగినచో ఇంటికి బలము వచ్చును. వాక్కును ఆరాధించు మనకు ఈ సంగతి విన్నంతనే వింతగ తోచవచ్చును కాని, వ్రాయకుండ విడిచిన పంక్తి వ్రాసిన పంక్తిని నిలబెట్టునని ఎరిగినవారికి ఇది బొత్తిగ పరాయి విషయము కాదు.